మూడు రోజుల్లో కోపెన్‌హాగెన్: గోదారి జిల్లాల నుంచి వెళ్ళేవారికి

అయిదు రోజుల్లో నాలుగు దేశాలు చుట్టేద్దామని లెక్కలేసుకునేవాళ్ళు ముందు ఆ కాయితం పక్కన పడేయండి. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌కి మూడు రోజులు చాలు, కాకపోతే ఆ మూడూ దానికే ఇవ్వాలి. ఊరు చిన్నది. మన డెల్టాలాగే బల్లపరుపు నేల, ఊరి మధ్య కాలవలు, పక్కనే సముద్రం. చూడాల్సినవి చాలావరకు నీటి ఒడ్డునే ఉన్నాయి.

మొదట వీసా. డెన్మార్క్ షెంగెన్ దేశం, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల్లో ఒకటి. బ్రిటన్‌లో చదువుకునే పిల్లల దగ్గరికెళ్ళి అట్నుంచి అటే చూసొద్దామంటే కుదరదు, బ్రిటన్ వీసా అక్కడ చెల్లదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. వేసవి సెలవుల ముందు అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం, కాబట్టి జూన్ ప్రయాణానికి ఫిబ్రవరిలోనే మొదలుపెట్టండి. ఫీజు పెద్దలకి 90 యూరోలు, ఆరేళ్ళు నిండి పన్నెండు నిండని పిల్లలకి 45. కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. పాస్‌పోర్టు తీసుకుని పదేళ్ళు దాటకూడదు, తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకా మూడు నెలలు చెల్లాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి. వేరే షెంగెన్ దేశాలు కూడా కలిపితే, ఎక్కువ రాత్రులు ఎక్కడుంటారో ఆ దేశానికే అప్లై చేయాలి.

వరి, కొబ్బరి, రొయ్యల చెరువుల మీద బతికేవాళ్ళకి చిక్కొచ్చేది ఆదాయం చూపించే దగ్గరే. ఐటీ రిటర్నులు లేకపోతే పట్టాదారు పాస్‌పుస్తకం ఇంగ్లీషు అనువాదంతో సహా పెట్టండి. పంట అమ్మిన డబ్బు చేతికి తీసుకోకుండా బ్యాంకులో పడేలా కొన్ని నెలల ముందు నుంచే చూసుకోండి. అపాయింట్‌మెంట్‌కి వారం ముందు బావమరిది దగ్గర తెచ్చి ఖాతాలో వేసిన అయిదు లక్షలు అనుమానాన్నే పెంచుతాయి. ఇంకోటి, మన ఇంటిపేర్లు పొడుగు. రైలు టికెట్‌లో కుదించినట్టు విమానం టికెట్‌లో ఒక్క అక్షరానికి కుదించకండి. పాస్‌పోర్టులో ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి.

గల్ఫ్ మీదుగా వెళ్ళే విమానాలు కోనసీమ వాళ్ళకి కొత్త కాదు. హైదరాబాద్‌లో ఎక్కి దోహాలోనో దుబాయిలోనో మారితే కోపెన్‌హాగెన్. రాజమండ్రి నుంచి హైదరాబాద్ టికెట్ విడిగా కొంటే మాత్రం ఒక రోజు ముందే చేరండి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, వేర్వేరు టికెట్లు గనక బాధ్యత ఎవరూ తీసుకోరు. అక్టోబరు, నవంబరుల్లో నర్సాపురం నుంచి రాత్రి రైలెక్కి పొద్దున్నే విమానం అందుకోవాలనుకోవడం తుపానుతో పందెం కాయడమే.

సంచిలో ఏం పెట్టాలి? ఇక్కడ నవ్వొచ్చే సంగతి ఒకటుంది. యూరోపియన్ యూనియన్‌లోకి బయటినుంచి పళ్ళు తేవాలంటే మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ కావాలి, కానీ కొబ్బరికాయకీ అరటిపండుకీ అక్కర్లేదు. మన తోటలో రెండూ నిరభ్యంతరంగా వెళ్తాయన్నమాట. మామిడిపళ్ళు, పచ్చి కరివేపాకు మాత్రం వెళ్ళవు. మాంసం, పాల పదార్థాలు అసలు నిషేధం, కాబట్టి చికెన్ పచ్చడీ, నెయ్యి సీసా, పాలకోవా ఇంట్లోనే ఉంచండి. చేపలు, రొయ్యలు సొంతానికి మనిషికి 20 కిలోల దాకా ఒప్పుకుంటారు, అందుకని రొయ్యల పచ్చడికి ఢోకా లేదు. దాన్ని సీలు వేయించి చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి. చేతి సంచిలో పెడితే నూనె తేలే పచ్చడిని సెక్యూరిటీ దగ్గర ద్రవం కింద లెక్కేసి తీసేస్తారు.

కుక్కరు పట్టుకెళ్ళే ఉద్దేశం ఉంటే ఒక్క మాట. వంటగది ఉన్న గదుల్లో చాలాచోట్ల ఇండక్షన్ పొయ్యిలే, అల్యూమినియం గిన్నెలు వాటి మీద వేడెక్కవు. అడుగున అయస్కాంతం అతుక్కునే స్టీలు గిన్నె అయితేనే పని చేస్తుంది. తాలింపు పెట్టేముందు కిటికీ తీసి, పొగ పీల్చే ఫ్యాన్ వేయండి. ఎండుమిర్చి ఘాటుకి మనం దగ్గితే, ఆ పొగకి ఫైర్ అలారం అరుస్తుంది. కరెంటు మనలాగే 230 వోల్టులు. సన్నటి రెండు పిన్నుల ఫోన్ చార్జర్ నేరుగా పడుతుంది, మన మూడు పిన్నుల ప్లగ్గుకి మాత్రం అడాప్టర్ కావాలి.

డబ్బు క్రోనర్లలో, యూరోలలో కాదు. ఒక యూరోకి ఏడున్నర క్రోనర్లకి కాస్త తక్కువ. ఆ లెక్క దాదాపు మారదు. నోట్లు ఎక్కువ మార్చుకోనక్కర్లేదు, అన్నిచోట్లా కార్డే. బయల్దేరే ముందు బ్యాంకు యాప్‌లో కార్డుకి విదేశీ వాడకం ఆన్ చేయండి, ఓటీపీల కోసం మన సిమ్‌కి రోమింగ్ వేయించండి. అక్కడ మిషన్ మీద ‘రూపాయల్లో కట్టాలా, క్రోనర్లలోనా’ అని అడిగితే క్రోనర్లే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్ళిష్టమొచ్చిన రేటు పడుతుంది.

ఎయిర్‌పోర్టు నుంచి ఎమ్2 మెట్రోలో ఊరి మధ్యకి పావుగంట. డ్రైవరు ఉండడు, రాత్రంతా నడుస్తుంది. ఒక్కసారికైతే మూడు జోన్ల టికెట్ కొనాలి. 72 గంటల ‘సిటీ పాస్ స్మాల్’ తీసుకుంటే ఎయిర్‌పోర్టు, మెట్రో, బస్సు, రైలుతో పాటు రేవు పడవ కూడా కలిసొస్తుంది. మ్యూజియంలు రోజుకి మూడు నాలుగు చూసేవాళ్ళకే, వాటి టికెట్లు కలిసుండే కోపెన్‌హాగెన్ కార్డు గిట్టుబాటు. ఒడ్డున తిరుగుతూ గడిపేవాళ్ళకి దాని డబ్బు దండగ.

ఆ రేవు పడవ సంగతి చాలామంది గమనించరు. నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు ఎక్కినట్టే అక్కడి జనం పనుల మీద ఎక్కే పసుపు పడవలు అవి. బస్సు టికెట్టే చెల్లుతుంది. న్యూహావ్న్ అనే కాలవ దగ్గర డబ్బు పెట్టి ఎక్కే గంట షికారు పడవలో గైడ్ ఉంటాడు, సన్నటి కాలవల్లోకీ తీసుకెళ్తాడు. వంతెనలు తలకి తగిలేంత కిందకి ఉంటాయి, ఫోటోకని లేవొద్దు. ఒకసారి అది, మిగతా అన్నిసార్లూ పసుపు పడవ. న్యూహావ్న్ కాలవ 1671–73 మధ్య తవ్వింది. ఒడ్డున రంగురంగుల ఇళ్ళని చూడ్డానికి ఖర్చేం లేదు. ఆ ఇళ్ళ కింద హోటళ్ళలో కూర్చుంటేనే జేబు ఖాళీ.

రోడ్డు మీద ముఖ్యమైన జాగ్రత్త సైకిళ్ళ దగ్గర. బండ్లు కుడివైపు నడుస్తాయి, దాటేటప్పుడు ముందు ఎడమకి చూడాలి. కాలిబాటకీ రోడ్డుకీ మధ్య, ఒక మెట్టు ఎత్తులో ఉండేది సైకిల్ దారి. బస్సు దిగగానే అందులోకి అడుగు పెట్టి సెల్ఫీ తీసుకుంటే, ఆఫీసుకి పోయేవాడు గంట కొట్టుకుంటూ మీదకొచ్చేస్తాడు. మీరే సైకిల్ తొక్కితే కుడి అంచునే ఉండండి, ఆగేముందు చెయ్యి పైకెత్తండి, ఎడమకి తిరగాలంటే కూడలి దాటి ఆగి, తర్వాత తిరగండి.

ఇక రోజులు. వేసవిలో మన టైముకీ వాళ్ళ టైముకీ మూడున్నర గంటల తేడా, అందుకని మొదటి రెండు రోజులూ తెల్లవారుజామున మూడు, నాలుగింటికే మెలకువ వస్తుంది. దాన్ని వాడుకోండి. జూన్‌లో నాలుగున్నర కాకముందే తెల్లారిపోతుంది. ఆరింటికల్లా ఓస్టర్‌పోర్ట్ స్టేషన్‌లో దిగి పావుగంట నడిస్తే లిటిల్ మెర్మెయిడ్. 1913లో పెట్టిన మత్స్యకన్య కంచు బొమ్మ, ఎత్తు 1.25 మీటర్లే. పదింటికి టూరిస్టు బస్సులు దిగాక దాన్ని చూడాలంటే నలుగురి భుజాల మీంచి చూడాలి. తిరిగొచ్చే దారిలో గెఫియోన్ ఫౌంటెన్ దగ్గర కాసేపు ఆగండి, ఏరువాక తెలిసినవాళ్ళకి నచ్చుతుంది. గెఫియోన్ అనే దేవత తన నలుగురు కొడుకుల్ని ఎడ్లుగా మార్చి, ఒక్క రాత్రిలో స్వీడన్ నేలని దున్ని లాక్కొచ్చిందనీ, కోపెన్‌హాగెన్ ఉన్న దీవి అదేననీ కథ. వంగిన మెడలతో, ముక్కుల్లోంచి నీటి తుంపర చిమ్ముతూ ఎడ్లు నాగలి లాగుతుంటాయి.

టిఫిను చేసి రోసెన్‌బోర్గ్ కోటకి వెళ్ళండి, కిరీటాలూ నగలూ అక్కడే. 11:30కి పక్క బ్యారెక్ నుంచి రాజుగారి సిపాయిలు కవాతుగా బయల్దేరతారు. వాళ్ళ వెనకే నడిస్తే 12కి రాజుగారుండే అమాలియెన్‌బోర్గ్‌లో కాపలా మారడం దగ్గరుండి చూడొచ్చు. నేరుగా అక్కడికే 12కి చేరినవాళ్ళకి ఎలుగుబంటి తోలు టోపీల కొసలే కనిపిస్తాయి.

రోసెన్‌బోర్గ్, ఊళ్ళో గుండ్రటి బురుజు రుండెటోర్న్, రెండూ డెన్మార్క్ రాజు నాలుగో క్రిస్టియన్ కట్టించినవే. మన తూర్పు తీరంలో, తమిళనాడు తరంగంబాడిలో 1620లో డేనిష్ కోట లేచిందీ ఆయన హయాంలోనే. పాలకొల్లు డచ్చివారినీ, యానాం ఫ్రెంచివారినీ ఎరిగిన మనకి ఆయన మరీ పరాయివాడేం కాదు. బురుజుకి దాదాపు మెట్లుండవు, 209 మీటర్ల వాలుదారి ఏడున్నర చుట్లు తిరుగుతుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళని తీసుకెళ్ళాల్సింది అక్కడికే. కాళ్ళలో సత్తువ ఉంటే వార్ ఫ్రెల్సర్స్ చర్చి శిఖరం ఎక్కండి. 400 మెట్లలో చివరి 150 బయటే, శిఖరాన్ని చుట్టుకుంటూ పైకి పోయేకొద్దీ సన్నబడతాయి. గాలి ఎక్కువైతే మూసేస్తారు, కాబట్టి మూడో రోజుకని దాచుకోకుండా ఆకాశం తెరిపిచ్చిన మొదటి పూటే ఎక్కేయండి.

పార్లమెంటుండే క్రిస్టియాన్స్‌బోర్గ్ టవర్ ఉచితం, లిఫ్టు ఉంది, సోమవారం సెలవు. చాలా మ్యూజియంలకీ సోమవారమే సెలవు, ఆ రోజుని పడవలకీ పార్కులకీ పెట్టుకోండి. 1843 నాటి టివోలీ పార్కుకి దీపాలు వెలిగే వేళ వెళ్ళాలి. లోపలికి టికెట్ వేరు, రంగులరాట్నాలకి వేరు. శీతాకాలంలో కొన్ని వారాలు మూతపడుతుంది.

వాన పట్టుకున్న పూట రైలెక్కి ముప్పావుగంటలో హెల్సింగోర్ వెళ్ళొచ్చు. అక్కడి క్రోన్‌బోర్గ్ కోట పక్కనుంచి పోయే ఓడలు 1857 దాకా రాజుకి సుంకం కట్టాయి, మన రేవు పాట పాడినవాడికి కట్టినట్టు.

తిండికి స్మోర్‌బ్రో ఒకసారి తినాల్సిందే. పుల్లటి నల్ల రొట్టె ముక్క మీద వెన్న, దానిమీద చేపో గుడ్డో బంగాళాదుంపో పేర్చి, కత్తీ ఫోర్కుతో తింటారు. చేపంటే హెర్రింగ్ ఊరగాయ. మన ఉప్పుచేప అనుకుని నోట్లో పెడితే తీపి తగులుతుంది. శాకాహారులు బంగాళాదుంపది అడగండి. కుళాయి నీళ్ళు తాగొచ్చు. సీసా నీళ్ళు కొంటే దాని మీద డిపాజిట్ కూడా కట్టించుకుంటారు, సైజుని బట్టి ఒకటి నుంచి మూడు క్రోనర్లు. దాన్ని వాళ్ళు ‘పంట్’ అంటారు, మన పంటుకి చుట్టమేం కాదు. ఖాళీ సీసాలు నలక్కుండా సూపర్‌మార్కెట్ మిషన్‌లో వేస్తే చీటీ వస్తుంది, దాన్ని బిల్లులో తగ్గించుకోవచ్చు. తిరుగు ప్రయాణానికి ముందు రోజే ఆ పని ముగించండి. మర్నాడు ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ దాటాక పాస్‌పోర్టు క్యూ ఇంకోటి ఉంటుంది, మూడు గంటలు చేతిలో పెట్టుకుని మెట్రో ఎక్కాలి.