సరిహద్దు కన్నడం – 5వ పాఠం: ఇప్పత్తా, ఎప్పత్తా?

పోయిన పాఠంలో మన ‘ప’ కన్నడంలో ‘హ’ అయ్యే సంగతి చూశాం: పాలు హాలు, పులి హులి, పాము హావు. ఆ ధీమాతో ‘పని’ని ‘హని’ అనేస్తే చినుకు అవుతుంది. పనికి అక్కడి మాట కెలస.

ఈ వారం పదులు. హత్తు, ఇప్పత్తు, మూవత్తు, నలవత్తు, ఐవత్తు, అరవత్తు, ఎప్పత్తు, ఎంబత్తు, తొంబత్తు, ఆపైన నూరు. వరసగా అప్పజెప్పడం ఒక పూటలో వచ్చేస్తుంది. మోసం అక్కడే ఉంది. బళ్ళారి అంగట్లో ధరలు ఎవరూ వరసగా చెప్పరు. ఇప్పత్తు ఇరవై, ఎప్పత్తు డెబ్బై. ఒక్క అచ్చు తప్పుగా విన్నారంటే యాభై రూపాయలు తేడా. ఒంబత్తు తొమ్మిది, తొంబత్తు తొంభై. మన తొమ్మిది ‘తొ’తో మొదలవుతుంది కదా, అందుకే తొంబత్తు చెవిన పడగానే మనసు తొమ్మిదికి పోతుంది.

ఇంట్లో రోజుకు 20 నిమిషాలు చాలు. 20 చీటీల మీద 9, 20, 70, 80, 90 నాలుగేసి సార్లు రాసి కలిపేయండి. తీసిన చీటీని తీసినట్టే కన్నడంలో చదివి ఫోన్లో రికార్డు చేసి, మర్నాడు వింటూ అంకెలు వేయండి. 15 సరిపోతే ఆదివారం బళ్ళారికి బయలుదేరవచ్చు. ఇరవైకి ఇరవై వచ్చాక పోదామనుకునేవాళ్ళు రాయదుర్గం దాటరు.

అక్కడ మూడు అంగళ్ళు, ఒకటే ప్రశ్న: ‘ఈరుళ్ళి కేజి ఎష్టు?’ ఈరుళ్ళి అంటే మన ఎర్రగడ్డలే, ఎష్టు అంటే ఎంత. మీ యాస వినగానే అంగడాయన తెలుగులోకి దిగుతాడు, బళ్ళారిలో అది మామూలే. ‘నాను కన్నడ కలీతా ఇద్దీని, కన్నడదల్లే హేళి’ (నేను కన్నడం నేర్చుకుంటున్నాను, కన్నడంలోనే చెప్పండి) అనండి. ధర వినగానే ‘ఇప్పత్తా, ఎప్పత్తా?’ అని తిరిగి అడగండి. ఇందులో నామోషీ ఏమీ లేదు, బేరంలో భాగమే. ధర జాస్తి అనిపిస్తే ‘స్వల్ప కడిమె మాడి’, అంటే కొంచెం తక్కువ చేయండి. ఈ ‘మాడి’ చేయండి అని చెప్పడమే, అన్నం మాడడంతో సంబంధం లేదు.

ఫోన్లో డబ్బు కొట్టకండి. అంకె తెర మీద కనబడితే చెవికి పని ఉండదు. నూరు నోటిచ్చి, చిల్లర ఎంత రావాలో ముందే కన్నడంలో అనుకోండి: ఎప్పత్తు పోతే మూవత్తు, ఇప్పత్తు పోతే ఎంబత్తు.

ఆ రాత్రే నోటుపుస్తకంలో మూడు గళ్ళు గీయండి: ఆయన అన్నది, నేను విన్నది, అసలు ధర. మర్నాటికి వాయిదా వేస్తే రెండో గడి ఖాళీగా మిగులుతుంది, మీకు కావలసింది ఆ గడే. ఒకే రకం తప్పు మూడుసార్లు పడితే 6వ పాఠం తెరవకండి. ఆ రెండు మాటలే చీటీల మీద రాసి మరో వారం వినండి. తప్పులు వేరువేరుగా ఉంటే మాత్రం ముందుకు పోండి, అవి బజారులోనే సర్దుకుంటాయి.