శ్రావణ ముహూర్తాలకు కెమెరా కొంటున్నారా? ఆషాఢంలోనే ఇవి చూసుకోండి

ఆషాఢం వచ్చిందంటే మాకు పని ఉండదు. పెళ్లిళ్లు లేవు, కొత్త పెళ్లికూతుళ్లు పుట్టిళ్లకు వెళ్లిపోయారు, విజయవాడ బీసెంట్ రోడ్డు నిండా చీరల తగ్గింపు బోర్డులు. చేతిలో ఖాళీ ఉంది కదా, శ్రావణం లోపల కొత్త కెమెరా కొనేద్దాం అనే ఆలోచన పెళ్లి ఫొటోలు తీసేవాళ్లందరికీ సరిగ్గా ఇప్పుడే పుడుతుంది. మొన్న గుంటూరు నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు.

"మామయ్యా, మూడు కెమెరాలు చూసి పెట్టాను. మూడూ 24 మెగాపిక్సెలే. ఏది బాగా వస్తుంది?"

"మూడూ బాగానే వస్తాయిరా. ఏది ఎక్కడ హ్యాండిస్తుందో చూశావా?"

వాడు కాసేపు మాట్లాడలేదు. ఈ ప్రశ్న నాక్కూడా ఊరికే తట్టలేదు. కొన్నేళ్ల కిందట తెనాలి పక్కన ఒక పెళ్లి. తెల్లవారుజామున ముహూర్తం. నా దగ్గర ఉన్నది కార్డు ఒక్కటే పట్టే కెమెరా. తలంబ్రాల మధ్యలో స్క్రీన్ మీద కార్డు ఎర్రర్ అని వచ్చింది. ఇంటికొచ్చి రికవరీ సాఫ్ట్‌వేర్ పెడితే గౌరీపూజ వచ్చింది, భోజనాలు వచ్చాయి, జీలకర్ర బెల్లం మాత్రం రాలేదు. పెళ్లికూతురి నాన్నగారికి ఫోన్ చేసి చెప్పాను. ఆయన తిట్టలేదు. "పోనీ మళ్లీ కూర్చోబెట్టి తీద్దామా బాబూ?" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

అందుకే పెళ్లిళ్లకు కెమెరా కొనేవాళ్లు మొదట చూడాల్సింది కార్డు తలుపు తెరిచి లోపల ఎన్ని స్లాట్లు ఉన్నాయని. కెనాన్ ఆర్50, ఆర్10, ఆర్8, నికాన్ జెడ్50, సోనీ ఏ6400, వీటన్నిటికీ ఒకటే. కెనాన్ ఆర్7, ఆర్6 మార్క్ 2, నికాన్ జెడ్6 2, సోనీ ఏ7 3, వీటికి రెండు. కొత్త మోడల్ కదా, పాతదానికంటే మెరుగే ఉంటుందని అనుకోకండి. నికాన్ డీ7200కు రెండు స్లాట్లు ఉంటే, దాని తర్వాత వచ్చిన డీ7500కు ఒకటే ఇచ్చారు. రెండున్నా అన్నీ ఒక రకం కాదు. జెడ్6 2లో ఒకటి మామూలు ఎస్‌డీ కార్డుది, రెండోది సీఎఫ్ ఎక్స్‌ప్రెస్ కార్డుది. ఆ రెండో రకం ఖరీదెక్కువ. పెళ్లి మధ్యలో కావాలంటే ఏ ఫ్యాన్సీ షాపులోనూ దొరకదు.

రెండు స్లాట్లు ఉన్న కెమెరా కొన్నాక కూడా పని ఒకటి మిగులుతుంది. మెనూలోకి వెళ్లి, ప్రతి ఫొటో రెండు కార్డుల్లోనూ పడేలా మీరే పెట్టుకోవాలి. లేకపోతే ఒక్కో ఫొటో ఒక కార్డులోనే పడుతుంది, డబ్బు పోసి కొన్న ధీమా దండగ. డబ్బు చాలక ఒక స్లాట్ దానితోనే సరిపెట్టుకునేవాళ్లు 256 జీబీ కార్డు ఒకటి వేసి రాత్రంతా లాగించకండి. 32, 64 జీబీవి నాలుగైదు పెట్టుకుని, గౌరీపూజ అయ్యాక ఒకసారి, ముహూర్తానికి ముందు ఒకసారి, తలంబ్రాలయ్యాక ఒకసారి మార్చండి. కార్డు పోయినా పెళ్లంతా పోదు.

ఇప్పుడు మా వాడి మెగాపిక్సెల్ సంగతి. మన దగ్గర ఆల్బం షీటు సాధారణంగా 12 బై 36 అంగుళాలు. అందులో సగం నిండా ఒకే ఫొటో పెట్టినా 12 బై 18. అంగుళానికి 300 చుక్కల లెక్కన 19.4 మెగాపిక్సెల్స్ సరిపోతాయి. అంటే 20, 24 దాటిన అంకె కోసం అదనంగా పెట్టే డబ్బు పెళ్లి ఆల్బంలో కనపడదు. కంప్యూటర్ హార్డ్‌డిస్కులో మాత్రం బాగా కనపడుతుంది.

వెలుతురు సంగతి వేరు. అక్కడ తేడా నిజంగా తెలుస్తుంది. కెమెరా లోపల వెలుతురును పట్టే పలకే సెన్సర్. పెద్ద రకం ఫుల్ ఫ్రేమ్, 36 బై 24 మిల్లీమీటర్లు. చిన్న రకం ఏపీఎస్‌సీ, కెనాన్‌లో 22.3 బై 14.9. వైశాల్యంలో ఫుల్ ఫ్రేమ్ సుమారు 2.6 రెట్లు పెద్దది. ఇది విని చాలామంది అప్పు చేసైనా ఫుల్ ఫ్రేమ్ బాడీ, అంటే లెన్సు లేని కెమెరా, కొంటారు, చేతిలో డబ్బులైపోయి దానికి కెమెరాతోపాటు వచ్చే కిట్ లెన్సే తగిలిస్తారు. కిట్ లెన్సును పూర్తిగా జూమ్ చేస్తే సాధారణంగా ఎఫ్ 5.6 కంటే తెరుచుకోదు (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకున్నట్టు). లోపల అద్దం లేని కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల కిట్ లెన్సుల్లో అయితే 6.3 దాకా పోతుంది. అదే ఎఫ్ 1.8 ఉన్న 50 ఎం.ఎం. లెన్సు 5.6తో పోలిస్తే పదింతల దాకా వెలుతురు లోపలికి తెస్తుంది. బాడీ తెచ్చేది రెండున్నర రెట్లు, లెన్సు తెచ్చేది పదింతలు. చిన్న సెన్సర్ బాడీ, మంచి లెన్సు కొన్నవాడిని మధ్యరాత్రి ముహూర్తం అంతగా భయపెట్టదు. నా మాట వింటే బడ్జెట్‌లో సగం లెన్సులకు తీసి పక్కన పెట్టి, మిగిలినదాంట్లో బాడీ వెతకండి.

అలాగని 50 ఒక్కటే కొని వచ్చేయకండి. ఏపీఎస్‌సీ బాడీకి తగిలిస్తే అది 75, 80 ఎం.ఎం. లాగా చూస్తుంది. మన చిన్న ఊళ్ల కళ్యాణ మండపాల్లో బంధువుల గ్రూప్ ఫొటో అందులో పట్టించాలని వెనక్కి జరుగుతూ జరుగుతూ భోజనాల బల్లల దాకా పోతారు. దగ్గర్నుంచి అందరినీ పట్టించే వైడ్ లెన్సు ఒకటి ఉండి తీరాలి. ఆ పనికి కిట్ లెన్సు చాలు, దాన్ని అమ్మేయొద్దు.

సెకండ్స్‌లో, అంటే ఒకరు వాడిన లెన్సు కొనేవాళ్లకు ఒక గొయ్యి ఉంది. నికాన్ డీ3500, డీ5600 లాంటి బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. సొంత మోటారు లేని పాత 50 ఎం.ఎం. డి రకం లెన్సు చవగ్గా వచ్చిందని కొంటే, అది బిగుస్తుంది గానీ ఆటోఫోకస్ చెయ్యదు. లెన్సు మీద ఏఎఫ్-ఎస్ అనో ఏఎఫ్-పి అనో ఉందా చూడండి. ఇంకొందరు జూమ్ ఎంత ఎక్కువుంటే అంత గొప్ప కెమెరా అనుకుంటారు. 125 రెట్ల జూమ్ ఉన్న నికాన్ పీ1000 ఉప్పలపాడు పక్షుల కేంద్రంలో చెట్టు మీద కొంగను కళ్ల ముందుకు తెస్తుంది, ఒప్పుకుంటాను. కానీ దాని సెన్సర్ వైశాల్యం ఫుల్ ఫ్రేమ్‌లో ముప్పయ్యో వంతు. దాన్ని మండపానికి తెస్తే పెళ్లికూతురి మొహం మీద ఇసక చల్లినట్టుంటుంది.

వీడియో కూడా మీరే తీస్తారా? అయితే షాపులో నిలబడే ఈ మూడూ అడగండి. ఆపకుండా ఎంతసేపు రికార్డు అవుతుంది? కాస్త పాత మోడళ్లు చాలావరకు 29 నిమిషాల 59 సెకన్లకు ఆగిపోతాయి. అరగంట దాటి రికార్డు చేసేదాన్ని యూరప్‌లో క్యామ్‌కార్డర్‌గా లెక్కేసి ఎక్కువ సుంకం వేసేవాళ్లు, దాన్ని తప్పించుకోడానికి కంపెనీలు పెట్టిన గీత అది. ఎక్కడో సుంకం, ఇక్కడ సరిగ్గా మాంగల్యధారణ వేళకి కెమెరా ఆగుతుంది. పంతులుగారు గట్టిమేళం అనేలోపు ఒకసారి ఆపి మళ్లీ మొదలుపెట్టడం అలవాటు చేసుకోండి. రెండోది, మైకు పెట్టుకునే రంధ్రం ఉందా? కెనాన్ 1500డీకి, నికాన్ డీ3500కి లేదు. మూడోది, కార్డు వేగం. 4కె వీడియో సెకనుకు 100 మెగాబిట్ల లెక్కన గంటకు 45 జీబీ తింటుంది. వీ30 అని రాసున్న కార్డు చాలు. వీ90 అంటూ అమ్మచూపితే మొహమాటపడి కొనకండి.

కార్డు మాత్రం తెలిసిన షాపులో బిల్లుతో కొనండి. నకిలీ కార్డుల మీద 128 అని ఉంటుంది, లోపల అందులో నాలుగో వంతు కూడా ఉండదు. నిండేదాకా బాగానే ఉన్నట్టు నటిస్తుంది. ఇంట్లోనే ఒకసారి పూర్తిగా నింపి, కంప్యూటర్లో అన్ని ఫైళ్లూ తెరుచుకుంటున్నాయో లేదో చూశాకే పెళ్లికి తీసుకెళ్లండి.

విజయవాడ ఎండల సంగతి కెమెరా కంపెనీలకు తెలిసినట్టు లేదు. చాలా కెమెరాల పుస్తకంలో వాడుకకు 40 డిగ్రీలే హద్దు. మే నెలలో మన బ్లేజ్‌వాడ దాన్ని దాటి ఎక్కడికో పోతుంది. కాబట్టి వైశాఖం పెళ్లిళ్లలో బయట 4కె వీడియో తీసేవాళ్లు కెమెరా మీద గొడుగు పట్టించండి, మీ మీద లేకపోయినా. శ్రావణంలో మాత్రం ఎండ కంటే చెమ్మ శత్రువు. ఏసీ హాల్లోంచి ఎదురుకోలు సన్నాహానికి ఒక్కసారిగా బయటకొస్తే లెన్సు మీద మంచు పట్టినట్టు ఆవిరి కమ్ముతుంది. సంచిలోనే ఉంచి, జిప్పు మూసి, ఇరవై ముప్పై నిమిషాల ముందే బయట పెట్టించండి. ఇంట్లో బీరువాలో బట్టల మధ్య దాచొద్దు, లెన్సు లోపల బూజు పడుతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు, యాభై శాతం చుట్టూ తేమ చూపించే చిన్న మీటరు, ఇంతే ఖర్చు.

ఈ మధ్య సంగీత్‌లో లేజర్ లైట్లు తప్పనిసరి అయిపోయాయి. ఆ కిరణం నేరుగా లెన్సులో పడితే సెన్సర్ మీద శాశ్వతంగా గీత పడిపోవచ్చు. మిర్రర్‌లెస్‌లో సెన్సర్ ఎప్పుడూ వెలుతురుకు తెరిచే ఉంటుంది కాబట్టి ప్రమాదం ఇంకా ఎక్కువ. డీజే అబ్బాయితో ముందే మాట్లాడుకుని, లేజర్ జనం మీదికి తిప్పేటప్పుడు మీరు పక్కకు తిరగండి. ఎల్ఈడీ గోడ ముందు చప్పుడు రాని సైలెంట్ (ఎలక్ట్రానిక్) షట్టర్ వాడితే ఫొటోలో అడ్డచారలు వస్తాయి. మెకానికల్ షట్టర్ పెట్టి, వేగం 1/50 గానీ 1/100 గానీ ఉంచండి, చాలావరకు తగ్గుతాయి. అసలు మెకానికల్ షట్టర్ లేని చవక కెమెరా అయితే పెళ్లిళ్లకు కొనకపోవడమే మంచిది. ఇక హల్దీలో పసుపు, పూల రేకులు, రంగు పొడి. ముందుకు సాగి వెనక్కి ముడుచుకునే జూమ్ లెన్సు గాలితోపాటు ఆ పొడినీ లోపలికి పీల్చుకుంటుంది. గుంటూరు మిర్చి యార్డులో ఫొటోలు తీసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. అక్కడ లెన్సు మార్చడానికి మూత తీస్తే మీరు తుమ్ముతారు, సెన్సర్ తుమ్మలేదు.

బిల్లు దగ్గరికొద్దాం. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం" అంటారు. కెమెరా మీద జీఎస్టీ 18 శాతం, పన్నుతో కలిపి లక్ష రూపాయల కెమెరాలో అది పదిహేను వేల పైచిలుకు, ఆశ పుట్టడం సహజమే. కానీ బిల్లు లేకపోతే కంపెనీ వారంటీ లేదు, దొంగతనం జరిగితే కేసు పెట్టడానికి ఆధారం లేదు. బిల్లు మీద జీఎస్టీ నంబరు 15 అక్షరాలుంటుంది, మన రాష్ట్రంలో షాపు అయితే 37తో మొదలవ్వాలి. తెలంగాణది 36. బాడీ అడుగున ఉన్న సీరియల్ నంబరు, పెట్టె మీదది, బిల్లు మీదది మూడూ ఒకటేనా చూడండి. "ఇంపోర్టెడ్ పీసు, వారంటీ మేమిస్తాం" అన్నారంటే, ఆ షాపు ఉన్నంత కాలమే ఆ వారంటీ.

సెకండ్స్‌లో కొనడం తప్పు కాదు, నా రెండో బాడీ అలా కొన్నదే. కెనాన్, నికాన్ రెండూ 2018 నుంచి కొత్త మౌంటులోకి (లెన్సు బిగించే చోటు) మారిపోవడంతో మంచి డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉన్న పాత రకం) బాడీలు చవగ్గా వస్తున్నాయి. గురువుగారి పాత లెన్సులు చేతిలో ఉంటే అది తెలివైన బేరమే. ఏమీ లేకుండా కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మాత్రం అటు వెళ్లకండి. చూడాల్సింది షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందన్న లెక్క. చిన్న బాడీలకు లక్ష, పెద్దవాటికి లక్షన్నర, రెండు లక్షలు అని అంచనా. ఒక పెళ్లికి మూడు వేలు కొట్టే మనిషి ఏడాదికి యాభై పెళ్లిళ్లు చేస్తే లక్షన్నర ఒక్క ఏడాదిలోనే అయిపోతుంది. "రెండేళ్లే వాడాను" అనే మాటకు అర్థం లేదు. ఇంకొకటి, మన ఊళ్లో మరీ ముఖ్యం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్ వైపు ఇళ్లను ముంచాయి. నీళ్లలో తడిసిన వస్తువు ఎండబెడితే కొన్నాళ్లు పనిచేస్తుంది. ఏ ఊరి సరుకైనా సరే, బ్యాటరీ గదిలో రాగి రేకులు, మీద ఫ్లాష్ పెట్టే చోటు, అడుగున స్క్రూలు ఆకుపచ్చగానో తుప్పుగానో ఉన్నాయా టార్చి వేసి చూడండి. అదే టార్చితో లెన్సు లోపల సాలెగూడు లాంటి బూజు ఉందేమో కూడా చూడొచ్చు.

మా వాడితో చివరికి నేను చెప్పింది ఇది. విజయవాడలో రోజు అద్దెకు కెమెరాలిచ్చేవాళ్లు ఉన్నారు. ఆ మూడింట్లో రెండు అద్దెకు తెచ్చుకో. ఇంట్లో లైట్లార్పి మీ అమ్మను కూర్చోబెట్టి తియ్యి. బ్యాటరీ ఎంతసేపు వస్తుందో చూడు, ఏ6400కు కంపెనీ చెప్పే లెక్కే సుమారు 400 ఫొటోలు, అంటే పెళ్లికి ఒకటి రెండు బ్యాటరీలు చాలవు. ఏది కొన్నా శ్రావణం మొదటి ముహూర్తానికి కనీసం మూడు వారాల ముందు కొను. బటన్లు చూడకుండా వేళ్లకు తెలిసేదాకా అది నీ కెమెరా కాదు. పాతదాన్ని ఈ సీజన్ అయ్యేదాకా అమ్మకు.

వాడు చివరికి ఆ మూడూ వదిలేసి, రెండు స్లాట్లున్న కెనాన్ ఆర్7, ఒక 50 తీసుకుంటానన్నాడు, పాత 200డీని సంచిలో ఉంచుకుంటానన్నాడు.

"రెండు కెమెరాల్లో గడియారం ఒకటే టైము పెట్టుకోరా" అన్నాను. "ఎందుకు మామయ్యా?" అన్నాడు. ఆల్బం డిజైన్ చేసేవాడు ఫొటోలన్నీ టైము ప్రకారం వరసపెడతాడు మరి. ఒకదాంట్లో గంట తేడా ఉంటే, అప్పగింతలయ్యాక తాళి కట్టిస్తాడు.