కోర్సు విన్నాక డ్రాయింగ్‌లో గీత మారాలి

వృత్తి సంఘం సభ్యత్వమో లైసెన్సో రెన్యూవల్ చేయించుకునే తేదీ దగ్గర పడుతోందంటే చాలామంది ఇంటీరియర్ డిజైనర్లకు టెన్షన్ మొదలవుతుంది. అందుకు కావాల్సిన శిక్షణ గంటలు తక్కువ పడ్డాయి కదా, ఏ కోర్సు దొరికితే అది వినేద్దాం అనుకుంటాం. నేనూ చాలా ఏళ్లు అలా మొక్కుబడిగానే కానిచ్చాను. ఒక తెర మీద పాఠం నడుస్తుంటే ఇంకో తెర మీద వర్కింగ్ డ్రాయింగులు సరిచేసుకునేదాన్ని. సర్టిఫికెట్లు వచ్చాయి. డ్రాయింగుల్లో మాత్రం ఒక్క గీత మారలేదు.

అది మారింది ఒక ఆఫీసు రిసెప్షన్‌లో. మేం డిజైన్ చేసి అప్పగించిన చోటే. వైకల్యం ఉన్నవాళ్లకు భవనాలు అందుబాటులో ఉండటం గురించిన ఒక కోర్సులో, మీరు కట్టించిన చోటికి వెళ్లి వీల్‌చైర్‌లో కూర్చుని తిరిగి రండి అని పని ఇచ్చారు. క్లయింట్‌ను అడిగి వెళ్లాను. తలుపు హ్యాండిల్ పట్టుకుని లాగాను. తలుపు కదల్లేదు, నా కుర్చీయే తలుపు వైపు జరిగింది. ఒక చేత్తో చక్రం బిగబట్టి ఇంకో చేత్తో లాగితే కాస్త తెరుచుకుంది కానీ, పక్కకు జరగడానికి చోటు లేక తలుపు వచ్చి నా మోకాళ్లకే తగిలింది. ఎవరో వచ్చి పట్టుకుంటే లోపలికి వెళ్లాను. కౌంటర్ ఎత్తు 1,100 మిల్లీమీటర్లు. అవతల కూర్చున్న రిసెప్షనిస్టు నుదురు తప్ప ఏమీ కనబడలేదు. రిజిస్టర్ ఒళ్లో పెట్టుకుని సంతకం చేశాను. తలుపు వెడల్పు మాత్రం నిబంధన ప్రకారం సరిగ్గానే ఉంది. ఇంటికి వచ్చాక ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

అప్పటినుంచి కోర్సు వెతికే ముందు చేతిలో ఉన్న ప్రాజెక్టు ప్లాన్ ప్రింట్ తీస్తాను. ఎక్కడ అలవాటు కొద్దీ గీశానో, ఎక్కడ కారణం చెప్పలేనో అక్కడ ఎర్ర పెన్నుతో సున్నా చుడతాను. టాయిలెట్ తలుపు, పార్టిషన్ బోర్డు, పాంట్రీ కింద అల్మరా, మీటింగ్ రూమ్ సీలింగ్. ఏ కోర్సు తీసుకోవాలో ఆ సున్నాలే చెబుతాయి. మీరూ అలా చేసి చూడండి.

గంటల లెక్క సంగతి త్వరగా చెప్పేస్తాను. ఉత్తర అమెరికాలో ఇంటీరియర్ డిజైన్ కోర్సులను ఆమోదించే ఐడీసీఈసీ అనే సంస్థ పద్ధతిలో ఒక గంట శిక్షణ అంటే 0.1 సీఈయూ (నిరంతర శిక్షణను కొలిచే యూనిట్). పర్యావరణహిత భవనాలకు రేటింగ్ ఇచ్చే లీడ్ పద్ధతిలో నిపుణులుగా గుర్తింపు, అంటే లీడ్ ఏపీ స్పెషాల్టీ, ఉన్నవాళ్లకు రెండేళ్లకు 30 గంటలు కావాలి, అందులో 6 లీడ్‌కు సంబంధించినవే అయి ఉండాలి. ఆరోగ్యం, భద్రత, సంక్షేమం విభాగం కింద ఎన్ని గంటలు అడుగుతున్నారో మీ సంఘం నిబంధనల్లో ముందే చూసుకోండి. ఒకే కోర్సు రెండు చోట్ల చెల్లితే సగం భారం తగ్గినట్టే.

తయారీ కంపెనీలు ఉచితంగా చెప్పే కోర్సులను నేను తీసిపారేయను. వస్తువు ఎలా తయారవుతుందో వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అయితే ఆఖర్లో ప్రశ్నలు అడగమన్నప్పుడు ఊరుకోకండి. ఎమిషన్ పరీక్ష, అంటే వస్తువు నుంచి గాలిలోకి ఏ ఆవిర్లు ఎంత వస్తాయో చూసే పరీక్ష, రిపోర్టు అడగండి. రంగు డబ్బా మీద తక్కువ వీఓసీ (గాలిలోకి ఆవిరయ్యే రసాయనాలు) అని ఉంటే, అది సాధారణంగా లీటరుకు ఎన్ని గ్రాములో చెప్పే లెక్క, అంటే డబ్బాలో ఉన్నదాని లెక్క. వేశాక గది గాలిలోకి ఎంత వస్తుందో తెలియాలంటే మూసిన చాంబర్‌లో పెట్టి చేసిన పరీక్ష ఉండాలి. కాలిఫోర్నియా ఆరోగ్య శాఖ ప్రామాణిక పద్ధతిని ఇందుకే చాలా చోట్ల అడుగుతారు. ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురుతో చెక్క నారను అదిమి చేసిన ఎండీఎఫ్ బోర్డులో కోసిన అంచుల నుంచి అది ఎక్కువగా వస్తుంది. అందుకే కనబడని వెనక అంచుకు కూడా సీల్ వేయాలని ఇప్పుడు డ్రాయింగ్ మీదే రాస్తున్నాను. రంగులు, జిగురు పనులు పూర్తయి గాలి ఆడాకే కార్పెట్ టైల్స్, ఫాబ్రిక్ ప్యానెల్స్ తెరవమంటాను, ఎందుకంటే మెత్తటి వస్తువులు ఆవిర్లను పీల్చుకుని నెలల తరబడి వదులుతూ ఉంటాయి.

పర్యావరణ కోర్సుల్లో ఈపీడీ, అంటే వస్తువు పర్యావరణంపై చూపే ప్రభావం గురించిన ప్రకటన పత్రం, అనే మాట పదేపదే వస్తుంది. ఈపీడీ ఉన్నంత మాత్రాన వస్తువు మంచిదైపోదు. దాని ప్రభావం ఎంతో లెక్కగట్టి బయటపెట్టారు, అంతే. ఒకే రకం వస్తువుల ఈపీడీలు రెండు పక్కపక్కన పెట్టి చదవడం నేర్పే కోర్సయితేనే డబ్బు కట్టండి. పదేళ్ల తర్వాత ఇది విడిగా ఊడుతుందా, పగలగొట్టాలా అని కూడా అడగండి.

అందుబాటు విషయంలో అంకెలు కంఠతా రావాలి. అమెరికాలో వైకల్యం ఉన్నవాళ్ల హక్కుల చట్టమైన ఏడీఏ 2010 ప్రమాణాల ప్రకారం తలుపు 90 డిగ్రీలు తెరిచినప్పుడు మిగిలే ఖాళీ కనీసం 815 మిల్లీమీటర్లు, కుర్చీ తిరగడానికి 1,525 వ్యాసం, ఎదురుగా వచ్చి లాగే తలుపుకు హ్యాండిల్ పక్కన 455 ఖాళీ, లోపలి తలుపు తెరవడానికి 5 పౌండ్లకు మించని బలం. నా మోకాళ్లకు తలుపు తగిలింది ఆ 455 లేకే. మీ దగ్గర నిబంధన వేరైతే దాన్నే పాటించండి. అయితే అంకెల వెనక ఏ ఇబ్బంది ఉందో వైకల్యం ఉన్నవాళ్లే చెబితే వినాలి. వాళ్లు బోధించే కోర్సు దొరికితే ఇంకేదీ చూడకుండా అందులో చేరమంటాను.

ఆరోగ్యం, పర్యావరణం, అందుబాటు, కోర్సులు ఈ మూడింటినీ విడివిడిగా నేర్పుతాయి, సైట్‌లో మాత్రం మూడూ ఒకేసారి ఎదురవుతాయి. శుభ్రం చేయడం సులువని గట్టి ఫ్లోరింగ్ వేస్తే గది మార్మోగుతుంది, వినికిడి యంత్రం పెట్టుకున్నవాళ్లకు మాట చెదిరిపోతుంది. పోనీ అని మందపాటి కార్పెట్ వేస్తే చక్రాలు ముందుకు సాగవు. ఏడీఏ 13 మిల్లీమీటర్లకు మించిన పోగు ఎత్తును ఒప్పుకోదు. నేను నేల మీద పొట్టి పోగు కార్పెట్ టైల్ ఉంచి, ధ్వని పీల్చే పనిని సీలింగ్‌కూ గోడలకూ అప్పగిస్తాను.

కోర్సు అయిన వారంలోపు ప్రతి ప్రాజెక్టులో వాడే స్టాండర్డ్ డీటెయిల్ డ్రాయింగ్ ఒక్కటైనా మార్చి, పక్కన తేదీ వేయండి. నోట్సు రాసి ఫోల్డర్‌లో పెడితే అది మళ్లీ తెరుచుకోదు. నా తలుపు డీటెయిల్‌లో ఇప్పుడు 455 అంకె ఉంది. సైట్ అప్పగించే రోజున చిన్న స్ప్రింగ్ త్రాసు తగిలించి ప్రతి తలుపునూ లాగి చూస్తాం.

ఆ రిసెప్షన్‌కు మళ్లీ వెళ్లాం. తలుపును దానంతట మూసే క్లోజర్ స్క్రూ తిప్పి బిగువు తగ్గించాం, అడ్డుగా ఉన్న సైడ్ ప్యానెల్ వెనక్కి జరిపించాం. కౌంటర్‌లో ఒక భాగాన్ని 915కు దించడానికి క్లయింట్ ఒప్పుకున్నారు. వడ్రంగి పని ముగించాక కుర్చీలో వెళ్లి నా చేత్తోనే తలుపు లాగాను. రిసెప్షనిస్టు ముఖం మొత్తం కనబడింది.