ఇల్లు మారడానికి బండి మాట్లాడుకునే ముందు

- సామాను ఫొటోలు వాట్సాప్‌లో పంపి బండి తేల్చుకోండి. టాటా ఏస్ మోసేది సుమారు 750 కిలోలే. డబుల్ బెడ్రూం ఇంటికి అంతకన్నా పెద్ద బండి, డీసీఎం నయం.
- కిరాయిలో హమాలీ, మెట్ల కూలీ కలిశాయా? మేం అడగలేదు. మూడో అంతస్తుకు ఎక్కాల్సిన బీరువాను మొదటి మలుపులోనే దించేసి బేరం మొదలెట్టారు.
- తాళ్లు, టార్పాలిన్, పాత దుప్పట్లు మీవే ఉంచుకోండి.
- ఫ్రిజ్ ముందురోజే ఆపి, మంచు కరిగాక తుడవండి. నిలబెట్టే తీసుకెళ్లాలి. పడుకోబెట్టక తప్పకపోతే, కొత్తింట్లో నిలబెట్టి కొన్ని గంటలు ఆగాకే స్విచ్ వేయండి.
- ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్ బిగించినప్పుడు వెనక నుంచి తీసిన పొడవాటి బోల్టులు గుర్తున్నాయా? (ఏ డ్రాయర్ అడుగునో ఉంటాయి.) బండెక్కించే ముందు అవి మళ్లీ బిగించకపోతే దారిలో డ్రమ్ము ఊగి దెబ్బతింటుంది.
- సిలిండర్‌కు రెగ్యులేటర్ తీసి మూత పెట్టండి.
- బంగారం, కాగితాలు, పాలు పొంగించే గిన్నె మీ చేతిలోనే.