ల్యాబ్ కంప్యూటర్లకు ప్రాక్సీ: బ్రౌజర్‌లో కాదు, ఉబుంటులోనే అమర్చే పద్ధతి

శ్రీకాకుళం, విజయనగరం వైపు కాలేజీ ల్యాబుల్లో ప్రాక్సీ (కంప్యూటర్లకూ ఇంటర్నెట్‌కూ మధ్య నిలబడి అభ్యర్థనలను చేరవేసే సర్వర్) పెట్టడమంటే ఫైర్‌ఫాక్స్ సెట్టింగుల్లో ఐపీ అడ్రస్, 3128 పోర్టు నింపడమేనని చాలామంది అనుకుంటారు. అలా చేస్తే వెబ్‌సైట్లు తెరుచుకుంటాయి గాని సిస్టమ్ అప్‌డేట్లు ఆగిపోతాయి, పైథాన్ ప్యాకేజీలు దిగవు. అందుకే ఒక యంత్రంలో ప్రాక్సీని ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్ స్థాయిలో అమర్చి, పరీక్షించి, ఆ డిస్క్ మొత్తం నకలునే (ఇమేజ్) మిగతావాటికి క్లోన్ చేయాలి.

ప్రాక్సీగా పనిచేసే స్క్విడ్ సర్వర్‌ను ఐపీతో కాకుండా, పేర్లను ఐపీ అడ్రస్‌లుగా మార్చే ల్యాబ్ డీఎన్ఎస్‌లో ఒక పేరుతో నమోదు చేయండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో కరెంటు స్తంభాలు ఎలా కూలాయో మనకు తెలుసు. అలాంటి రోజుల్లో సర్వర్‌ను మరో గదికో, మరో లైనుకో మార్చాల్సి వచ్చినా, డీఎన్ఎస్‌లో ఒక్క మార్పుతో పని పూర్తవుతుంది.

తర్వాత ఈటీసీ డైరెక్టరీలోని ఎన్విరాన్‌మెంట్ ఫైల్ తెరవండి. ఇది షెల్ స్క్రిప్ట్ కాదు కాబట్టి ఎక్స్‌పోర్ట్ అనే మాట రాయకూడదు. హెచ్‌టీటీపీ ప్రాక్సీ, హెచ్‌టీటీపీఎస్ ప్రాక్సీ, నో ప్రాక్సీ వేరియబుళ్లను ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనూ పెద్ద అక్షరాల్లోనూ రాయాలి. ఎందుకంటే కమాండ్ లైన్‌లో ఫైళ్లు దించే కర్ల్ వంటి ప్రోగ్రాములు హెచ్‌టీటీపీ ప్రాక్సీని చిన్న అక్షరాల్లో ఉంటేనే తీసుకుంటాయి. హెచ్‌టీటీపీఎస్ ప్రాక్సీ విలువ కూడా హెచ్‌టీటీపీతోనే మొదలవ్వాలన్నది ఎక్కువమంది తడబడే చోటు: మన యంత్రం మామూలు హెచ్‌టీటీపీలోనే స్క్విడ్‌కు కనెక్ట్ అనే అభ్యర్థన పంపుతుంది, ఎన్‌క్రిప్ట్ అయిన సమాచారం ఆ తర్వాత ఏర్పడే సొరంగం గుండా సాగుతుంది. ప్రాక్సీ లేకుండా నేరుగా చేరాల్సినవి నో ప్రాక్సీలో ఉంటాయి; అందులో లోకల్‌హోస్ట్‌తో (అంటే ఆ యంత్రమే) పాటు ల్యాబ్ సర్వర్ల పేర్లను విడివిడిగా రాయండి. ఐపీ శ్రేణి రాస్తే కొన్ని ప్రోగ్రాములకు అర్థం కాదు. ఈ ఫైల్‌ను ఎవరైనా చదవగలరు కాబట్టి పాస్‌వర్డ్ మాత్రం ఇందులో పెట్టవద్దు.

ఆ ఫైల్ లాగిన్ అయిన యూజర్ల కోసమే. లాగిన్‌తో సంబంధం లేకుండా నడిచే సర్వీసుల కోసం, వాటిని నడిపే సిస్టమ్‌డీ కాన్ఫిగరేషన్‌లోని డిఫాల్ట్ ఎన్విరాన్‌మెంట్‌లో అవే విలువలు ఇచ్చి రీబూట్ చేయాలి. సాఫ్ట్‌వేర్‌ను దించి అప్‌డేట్ చేసే ఆప్ట్‌కు దాని సొంత కాన్ఫిగరేషన్ డైరెక్టరీలో విడిగా రాయడం మేలు. గ్నోమ్ డెస్క్‌టాప్‌కు, దాని సెట్టింగులు ఉండే డీకాన్ఫ్‌లో సిస్టమ్ డిఫాల్ట్‌గా ఇస్తే కొత్త యూజర్లకూ వర్తిస్తుంది.

ఇప్పుడు రౌటర్‌లో ల్యాబ్ యంత్రాలకు 80, 443 పోర్టులను నేరుగా వాడే వీలు లేకుండా ఆపి, బ్రౌజర్, ఆప్ట్, పైథాన్ ప్యాకేజీలు దించే పిప్ ఒక్కొక్కటీ నడుపుతూ స్క్విడ్ యాక్సెస్ లాగ్ (దాని గుండా వెళ్లిన అభ్యర్థనల చిట్టా) చూడండి. ఏ ప్రోగ్రాము జాడ లాగ్‌లో కనిపించదో దానికి ప్రాక్సీ అందలేదన్నమాట. యూడీపీ 123 పోర్టును మాత్రం మూయకండి. సమయాన్ని సరిచేసే ఎన్‌టీపీ ఈ ప్రాక్సీ గుండా వెళ్లదు. అది ఆగితే గడియారాలు తప్పి, సరైన సర్టిఫికెట్లు కూడా చెల్లనివిగా కనిపిస్తాయి.