ఒలింపిక్ ప్రసారాల సంగీతంలో ఆర్నోను, విలియమ్స్‌ను వేరుచేసి వినడం ఎలా

అమెరికా టెలివిజన్‌లో ఒలింపిక్ క్రీడల ప్రసారానికి ముందు మోగే బాకాల సంగీతం ఎవరిదని అడిగితే, ఎక్కువమంది హాలీవుడ్ స్వరకర్త జాన్ విలియమ్స్ పేరు చెబుతారు. అది సగమే నిజం. అందరి మనసులో నాటుకుపోయిన మొదటి భాగం లియో ఆర్నోది. ఫ్రాన్స్‌లో 1904లో పుట్టిన ఆర్నో, హాలీవుడ్‌లో సినిమా సంగీతానికి వాద్యబృంద రచన చేస్తూ జీవించారు. వాద్యబృంద నిర్వాహకుడు ఫీలిక్స్ స్లాట్‌కిన్ ‘ఛార్జ్!’ అనే రికార్డు కోసం కోరగా, 1958లో ‘బ్యూగ్లర్స్ డ్రీమ్’ రాసి ఇచ్చారు. క్రీడలతో ఏ సంబంధమూ లేని ఈ రచనను అమెరికా టెలివిజన్ సంస్థ ఏబీసీ 1960లలో తన ఒలింపిక్ ప్రసారాలకు వాడుకోవడంతో అది ఆ క్రీడలకే సొంతమైపోయింది.

ఇద్దరినీ గుర్తుపట్టడానికి ముందుగా రెండు రికార్డింగులు దగ్గర పెట్టుకోవాలి. ఒకటి, లాస్ ఏంజెలిస్ క్రీడల కోసం 1984లో విలియమ్స్ రాసిన ‘ఒలింపిక్ ఫ్యాన్‌ఫేర్ అండ్ థీమ్’ మొదటి రూపం. రెండవది, ఆర్నో రచనను ముందు చేర్చి బోస్టన్ పాప్స్ బృందంతో విలియమ్స్ 1996లో విడుదల చేసిన రూపం.

రెండవదానితోనే మొదలుపెట్టడం మేలు. టింపనీ డ్రమ్ముల దరువు మొదలై, దానిమీద ఇత్తడి వాద్యాలు నిదానంగా, నిటారుగా ఒక పిలుపును నిలబెడతాయి. ఈ పిలుపు స్వభావం తెలియాలంటే బ్యూగిల్‌ను గుర్తుచేసుకోవాలి: సైనికులు ఊదే ఆ బాకాకు వేళ్లతో నొక్కే మీటలు ఉండవు కనుక, పెదవుల బిగువుతో పలికించగల కొద్ది స్వరాలే దానికి దక్కుతాయి, అవీ దూరదూరంగా ఉంటాయి. ఆర్నో బాణీలోని గాంభీర్యానికి మూలం ఆ పొదుపేనని నా అభిప్రాయం. ఒక్కసారి విన్నవారు సైతం దాన్ని కూనిరాగంగా తీయగలగడానికి కారణమూ అదే కావచ్చు.

నిమిషం లోపే ఈ భాగం ముగుస్తుంది. ఆ తరువాత సంగీతం ఒకచోట నిలబడి పిలవడం మాని ముందుకు సాగిపోతున్నట్టు అనిపించిన చోట విలియమ్స్ మొదలయ్యారని గ్రహించవచ్చు. సందేహం మిగిలితే 1984 రికార్డింగు పెట్టి చూడండి. అందులో ఆర్నో పిలుపు ఉండదు. దాని స్థానంలో విలియమ్స్ సొంత ఫ్యాన్‌ఫేర్ (ఇత్తడి వాద్యాలతో మోగే చిన్న ఆరంభ బాణీ) చురుగ్గా దూసుకువస్తుంది. 1996 రూపంలో తొలగించినది ఆ ఆరంభాన్నే. గ్రామీ పురస్కారం పొందిన రచనలో నుంచి తన ఆరంభాన్నే తీసివేసి మరొకరి బాణీకి చోటివ్వడం ఏ స్వరకర్తకైనా చిన్న విషయం కాదు.

కార్యక్రమ పత్రంలోనో, వీడియో కింది వివరాల్లోనో పేర్లు రాయవలసి వస్తే, 1996 రూపానికి ఆర్నో, విలియమ్స్ ఇద్దరి పేర్లూ వారివారి రచనల పేర్లతో సహా ఇవ్వాలి. 1984 రూపానికి విలియమ్స్ పేరు ఒక్కటే సరిపోతుంది. దరువు, తొలి పిలుపు మాత్రమే వాడుకున్నట్లయితే అక్కడ రాయవలసిన పేరు ఆర్నోది.