బేరంలో అబద్ధం ఆడకుండా ఎలా మాట్లాడాలి

వ్యాపారంలో అబద్ధం లేకపోతే పనవ్వదు అని చర్చికొచ్చేవాళ్ళే అంటుంటే నాకు చాలా బాధేస్తుంది, అందుకే రాస్తున్నా.

ముందు కొనేటప్పుడు. బైబిల్లో సామెతలు 20:14 చూడండి, కొనేవాడు బాలేదు బాలేదు అంటాడంట, అవతలికెళ్ళి గొప్పలు చెప్పుకుంటాడంట, అచ్చం మనం సెకండ్ హ్యాండ్ బండి కొన్నట్టే కదా. మంచి బండిని వంకలు పెట్టి రేటు తగ్గించకండి, నా బడ్జెట్ ఇంతేనండి అని ఉన్నమాట చెప్పండి చాలు.

అమ్మేటప్పుడు మీ లాస్ట్ రేటు చెప్పాల్సిన పనిలేదు, చెప్పకపోవడం అబద్ధం కాదు. కానీ 400కి తెచ్చి "నాకు పడిందే 550" అనడం మాత్రం అబద్ధమే, మత్తయి 5:37 అవునంటే అవును కాదంటే కాదు అని అంత క్లియర్‌గా చెప్తుంటే. బండికి యాక్సిడెంట్ అయ్యుంటే వాళ్ళు అడక్కముందే చెప్పేయండి.

కాటా సంగతి, సామెతలు 11:1 దొంగ త్రాసు దేవుడికి అసహ్యం అంటుంది. ఎలక్ట్రానిక్ కాటాకి ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాలి, డేట్ దాటనివ్వకండి.

అన్నిటికంటే కష్టం అడ్వాన్స్ తీసుకున్నాక. స్థలానికి బయానా తీసుకున్నారు, మర్నాడే ఇంకొకాయన లక్ష ఎక్కువిస్తా అన్నాడు, అప్పుడు కీర్తన 15:4 గుర్తు తెచ్చుకోండి, నష్టమొచ్చినా మాట తప్పనివాడి గురించి ఉంటుంది అందులో. రెండో ఆయనకి అదే రోజు ఫోన్ చేసి, వేరేవాళ్ళకి మాటిచ్చేశానండి అని చెప్పేయండి.